పిల్లల కంటి పరీక్ష పద్ధతిగా చేయించడం ఎలా: ఇంటి దగ్గర మొదలుపెట్టి అద్దాల దాకా

"స్కూల్లో చూశారు, బాగానే ఉందన్నారు. మళ్లీ ఆసుపత్రికి ఎందుకు?" "మూడేళ్ల పిల్లకి అక్షరాలే రావు, చూపు ఎలా చూస్తారు?" "చుక్కలు వేయకుండా నంబర్ ఇవ్వరా?" హైదరాబాద్‌లో ఏ బడికి స్క్రీనింగ్‌కి వెళ్లినా అమ్మానాన్నలు, టీచర్లు నన్ను అడిగేవి ఇవే. ఒక్కొక్కరికీ గేటు దగ్గర నిలబడి సగం సగం చెప్పేకన్నా అంతా వరుసగా రాసి పెడితే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

బోరబండలో ఒక బడి. రెండో తరగతి పాప. రెండు కళ్లతో చదవమంటే చార్టు చివరి వరుస దాకా గడగడా చదివేసింది. ఎడమ కన్ను మూసినా అంతే. కుడి కన్నుకి అడ్డు పెట్టగానే మెడ మెల్లగా పక్కకి తిప్పి, నా చేతిలోని అట్ట అంచు నుంచి తొంగి చూడటం మొదలుపెట్టింది. అట్ట జరిపితే మెడ ఇంకొంచెం తిప్పింది. "సరిగ్గా నిలబడు!" అని టీచర్ గట్టిగా అన్నారు. పాప అల్లరి చేయడం లేదు. ఎడమ కంటికి అన్నిటికంటే పైనున్న పెద్ద అక్షరం తప్ప ఏమీ కనబడటం లేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, పాపకే తెలియదు. పుట్టినప్పటి నుంచీ లోకం అలాగే కనిపిస్తుంటే, తక్కువ కనిపిస్తోందని ఎలా తెలుస్తుంది?

అందుకే ఇంట్లో చూసినా, బడిలో చూసినా, ఆసుపత్రిలో చూసినా ఒక్కో కన్ను విడిగా చూడాలి. కింద చెప్పేవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

## 1. స్క్రీనింగ్ వేరు, పరీక్ష వేరు

బడిలోనో అంగన్‌వాడీలోనో చేసేది స్క్రీనింగ్. బియ్యం జల్లెడ పట్టినట్టు, అనుమానం ఉన్న పిల్లల్ని పక్కకి తీయడమే దాని పని. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వచ్చే బృందాలు చేసేదీ ఇదే. కంటి వెలుగు శిబిరంలో అప్పుడెప్పుడో చూపించామంటారు కొందరు. 2018లోనో 2023లోనో చూసిన చూపు ఈ రోజుకి లెక్కలోకి రాదు.

పరీక్ష అంటే కంటి డాక్టరు దగ్గర చుక్కలు వేసి, పవర్ కొలిచి, కంటి వెనక పొర అయిన రెటీనా దాకా చూడటం. స్క్రీనింగ్‌లో పాసయినా పరీక్షలో సమస్య బయటపడొచ్చు. ముఖ్యంగా ప్లస్ పవర్ (దగ్గరివి చూడటానికి కన్ను ఎక్కువ కష్టపడటం) ఉన్న పిల్లలు కంటి కండరాలని బిగించి చార్టు మొత్తం చదివేస్తారు. ఆ తర్వాత హోంవర్క్ దగ్గర కూర్చుంటే తలనొప్పి అంటారు. కాబట్టి లక్షణాలు కనిపిస్తుంటే "చార్టు చదివాడుగా" అని ఊరుకోవద్దు.

## 2. ఏ వయసులో ఏం చూపించాలి

పుట్టగానే: పిల్లల డాక్టరు చిన్న లైటుతో రెండు కంటిపాపల్లో ఎర్రని మెరుపు చూడాలి. డిశ్చార్జ్ అయ్యేలోపు "కళ్లు చూశారా?" అని అడగండి. పుట్టుకతో శుక్లం ఉంటే ఆపరేషన్ మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో జరిగితేనే చూపు బాగా వచ్చే అవకాశం ఉంటుంది.

నెలలు నిండకుండా పుడితే: బరువు 2 కిలోల కంటే తక్కువైనా, 34 వారాలు నిండకుండా పుట్టినా, 30 రోజుల లోపు రెటీనా పరీక్ష జరిగి తీరాలి. 28 వారాల కంటే ముందు పుట్టినవారికి, 1,200 గ్రాముల లోపు ఉన్నవారికి రెండు మూడు వారాలకే జరగాలి. బిడ్డ ఇంకా ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూలో) ఉంటే అక్కడే అడగండి. ఇంటికి వచ్చేశాక "బాలింతని ఇప్పుడే బయటికి తిప్పకూడదు" అని పెద్దవాళ్లు ఆపితే, తండ్రో అమ్మమ్మో బిడ్డని తీసుకెళ్లండి. ఇందులో వాయిదా కుదరదు. ఆ వారాలు దాటాక చేయగలిగేది చాలా తగ్గిపోతుంది.

ఆరు నెలల నుంచి ఏడాది: చూపు నిలుపుతోందా, కళ్లు కలిసి కదులుతున్నాయా అన్నది చూడాలి.

మూడేళ్లు: మొదటి పూర్తి పరీక్షకి సరైన సమయం. అక్షరాలు రాకపోయినా పర్వాలేదు. యాపిల్, ఇల్లు, గుండ్రం, చదరం బొమ్మలుండే చార్టులున్నాయి. పిల్ల తన చేతిలోని కార్డు మీద అదే బొమ్మని వేలితో చూపిస్తే చాలు.

ఒకటో తరగతికి ముందు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి. అద్దాలున్న పిల్లలకి డాక్టరు చెప్పినంత తరచుగా.

ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడే మెల్లకన్ను, ఎక్కువ పవర్, రెటీనాలో గడ్డ ఉండి ఉంటే ఈ వయసుల దాకా ఆగకుండా ముందే చూపించండి.

## 3. వెంటనే వెళ్లాల్సినవి, ఈ నెలలో వెళ్లాల్సినవి

ఈ కింది వాటిలో ఏది కనిపించినా ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరు దగ్గర ఉండాలి:

- ఫ్లాష్ ఫొటోలో ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా మెరవడం. శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు, ఒక్కోసారి ఫొటో కోణం వల్ల ఏమీ కాకపోవచ్చు కూడా. తేల్చాల్సింది డాక్టరే.
- పసిబిడ్డకి కళ్లు పెద్దగా ఉండి, నల్లగుడ్డు మసకగా కనిపించడం, వెలుగు చూడలేక ముఖం దాచుకోవడం, నీళ్లు కారడం. "పాపకి ఎంత పెద్ద కళ్లో" అని అందరూ ముచ్చటపడుతుంటారు. ఇది పుట్టుకతో వచ్చే గ్లాకోమా, అంటే కంటి ప్రెజర్ పెరిగే జబ్బు, కావచ్చు.
- ఉన్నట్టుండి కన్ను మెల్ల పెట్టడం, రెప్ప వాలిపోవడం.
- కంటికి దెబ్బ. దీనికి ఒకటి రెండు రోజులు కూడా ఆగొద్దు, వెంటనే వెళ్లాలి. సున్నం పడితే ముందు కడగండి, తర్వాత బయలుదేరండి: రెప్పలు విడదీసి కనీసం పావుగంట నీళ్లు ధారగా పోయాలి.

ఇవి ఈ నెలలో:

- మూడు నాలుగు నెలలు దాటాక కూడా కన్ను పక్కకి వెళ్లడం, రోజుకి ఒకసారైనా సరే
- టీవీకి దగ్గరగా వెళ్లడం, కళ్లు చికిలించడం, తల ఒక పక్కకి వంచి చూడటం
- ఎండలోకి రాగానే ఒక కన్ను మూసేయడం
- బోర్డు మీదది కాకుండా పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకోవడం
- సాయంత్రం మసక చీకట్లో తడబడటం

మెల్లకన్ను అదృష్టమనే మాట ఇంకా వింటూనే ఉన్నాను. కన్ను పక్కకి వెళ్తే మెదడు ఆ కంటి నుంచి వచ్చే బొమ్మని పట్టించుకోవడం మానేస్తుంది. మెల్లగా ఆ కన్ను చూడటం మర్చిపోతుంది. దాన్నే సోమరి కన్ను అంటాం.

## 4. ఇంట్లో చార్టు తయారుచేసి చూడటం

నాలుగేళ్లు దాటిన పిల్లలకి ఇది బాగా పనిచేస్తుంది. మూడేళ్లవాళ్లకి పైన, కింద, పక్క అన్న దిక్కులు ఇంకా కుదరవు, వాళ్లని బలవంతపెట్టొద్దు.

కావాల్సినవి

- నాలుగు తెల్ల కాగితాలు, కొలిచే టేపు, స్కేలు
- రెండు టిష్యూ పేపర్లు, కాగితపు ప్లాస్టరు
- వీపు ఆనే కుర్చీ
- రెండో మనిషి

కాగితాలు: ఒక్కో కాగితం మీద ఇంగ్లిష్ "ఈ" అక్షరాలు ఐదు, ఒకే వరుసలో, ఒక్కోటి ఒక్కో దిక్కుకి తిరిగి ఉండాలి. అక్షరం ఎత్తు, వెడల్పు సమానం. మూడు గీతలు, మధ్యలో రెండు ఖాళీలు ఒకే మందం. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఒక అక్షరమంత ఖాళీ.

- మొదటి కాగితం: ఎత్తు 26 మి.మీ.
- రెండోది: 13 మి.మీ.
- మూడోది: 9 మి.మీ. కి కొంచెం తక్కువ
- నాలుగోది: 6.5 మి.మీ.

చిన్నవి చేత్తో గీస్తే సరిగ్గా రావు. కంప్యూటర్‌లో గీసి ప్రింట్ తీయించి, స్కేలుతో కొలిచాకే వాడండి. జిరాక్స్ షాపులో పేజీకి సరిపడేలా కుదించేస్తే లెక్క తప్పుతుంది.

ఒక్కో కాగితం మీద ఒక్క అక్షరమే రాస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. సోమరి కన్ను ఒంటరి అక్షరాన్ని చదివేయగలదు, వరుసలో పక్కపక్కన ఉంటే తికమకపడుతుంది. ఆ తికమకే మనం పట్టుకోవాల్సింది.

చోటు: పిల్ల కళ్ల నుంచి కాగితం దాకా సరిగ్గా 3 మీటర్లు. ఇంట్లో అంత చోటు లేకపోతే గల్లీలో నీడ ఉన్న గోడ చూసుకోండి. వెలుగు కాగితం మీద పడాలి, పిల్ల కళ్లలో కాదు. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టొద్దు.

వరుస

1. ముందు దగ్గర కూర్చోబెట్టుకుని ఆట నేర్పండి. "గీతలు ఎటు చూస్తే చెయ్యి అటు పెట్టాలి." రెండు కళ్లతో, పెద్ద అక్షరాలతో. నాలుగు సార్లు సరిగ్గా చేసేదాకా ముందుకి వెళ్లొద్దు.
2. కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టండి. రెండో మనిషి పక్కన నిలబడి, ముందుకి వంగకుండా, తొంగి చూడకుండా చూస్తుండాలి.
3. టిష్యూ మడిచి ఎడమ కంటి మీద పెట్టి ప్లాస్టరుతో అంటించండి. కన్ను నొక్కుకోకూడదు. ఒక కంటి మీద అనుమానం ఉంటే అనుమానం ఉన్న కన్నే ముందు చూడండి, పిల్లలు త్వరగా అలసిపోతారు.
4. పెద్ద కాగితంతో మొదలుపెట్టి చిన్నదానికి వెళ్లండి. ఐదింటిలో నాలుగు సరైతే ఆ కాగితం పాస్.
5. రెండో కంటికి మార్చినప్పుడు కాగితాన్ని పావు వంతు తిప్పండి. దిక్కులన్నీ మారిపోతాయి కాబట్టి గుర్తుపెట్టుకుని చెప్పడానికి ఉండదు.
6. తేదీ, ఏ కన్ను ఏ కాగితం దాకా చదివిందో రాసిపెట్టండి. అద్దాలుంటే అద్దాలతోనే చూడాలి.

ఫలితం: నాలుగేళ్ల పిల్ల ఒక్కో కంటితో మూడో కాగితం చదవాలి. ఆసుపత్రి భాషలో అది 6/12. ఐదేళ్లు దాటినవాళ్లు నాలుగోది చదవాలి, అది 6/9. చదవకపోతే రెండు రోజులాగి, నిద్ర లేచి హుషారుగా ఉన్నప్పుడు ఇంకోసారి చూడండి. మళ్లీ అలాగే వస్తే, లేదా ఒక కన్ను రెండోదానికంటే వెనకబడుతూనే ఉంటే డాక్టరుకి చూపించండి.

తప్పు చెప్పినప్పుడు ముఖం చిట్లించొద్దు, "సరిగ్గా చూడు" అని గద్దించొద్దు. అలా అంటే పిల్లలు ఊహించి చెప్పడం మొదలుపెడతారు, మన కొలత పాడవుతుంది. "సరే, తర్వాతది" అంటే చాలు.

పసిబిడ్డలకి ఇంకో చిన్న పద్ధతి ఉంది. ఆడుకుంటున్నప్పుడు ముందు ఒక కంటికి అరచేయి అడ్డం పెట్టండి, కాసేపయ్యాక రెండో కంటికి. రెండిటికీ ఒకేలా ఉంటే మంచిదే. ఒక కన్ను మూసినప్పుడు ఏమీ అనకుండా, రెండోది మూసినప్పుడల్లా ఏడ్చి చెయ్యి తోసేస్తుంటే, తెరిచి ఉన్న కంటికి సరిగ్గా కనబడటం లేదేమోనని అనుమానించాలి.

## 5. బడిలో స్క్రీనింగ్: టీచర్లకి

- ముందురోజే చెప్పండి: అద్దాలున్నవాళ్లు అద్దాలు తెచ్చుకోవాలి.
- వరుసలో నిలబడ్డ పిల్లలకి చార్టు కనబడకూడదు. పదిమంది చదవడం విన్నాక పదకొండోవాడికి చార్టు నోటికి వచ్చేస్తుంది.
- వేళ్లతో కన్ను మూయించొద్దు, సందుల్లోంచి చూస్తారు. అట్ట గానీ అరచేయి గానీ వాడండి.
- రిజిస్టరులో కుడి, ఎడమ వేర్వేరు గడులు ఉండాలి. "చూపు బాగుంది" అని ఒకే గడిలో రాస్తే మన బోరబండ పాప లాంటి పిల్లలు జారిపోతారు.
- ఆ రోజు రాని పిల్లల పేర్లు రాసుకుని వారంలోపు చూడండి.

అసలు పని దీని తర్వాతే ఉంది. చీటీ రాసి బ్యాగులో పెడితే చాలాసార్లు అది బ్యాగులోనే ఉండిపోతుంది. ఆ ఇంటికి ఫోన్ చేయండి. నెల తర్వాత ఎంతమంది డాక్టరు దగ్గరికి వెళ్లారో, ఎంతమంది అద్దాలు పెట్టుకుని క్లాసులో కూర్చుంటున్నారో లెక్క చూడండి. అద్దాలొచ్చిన పిల్లని ఎవరైనా ఏడిపిస్తుంటే మొదటి రోజే ఆపాలి.

## 6. ఆసుపత్రికి వెళ్లే ముందు

ఎక్కడికి: ప్రభుత్వ వైద్యానికి మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పిల్లల కోసం విడిగా విభాగం ఉంది, డబ్బు కట్టలేనివారికి ఉచితంగా చూసే ఏర్పాటు కూడా ఉంది. మీ వీధిలో కంటి డాక్టరు ఉంటే "పిల్లలకి చుక్కలు వేసి పవర్ చూస్తారా?" అని ముందే ఫోన్‌లో అడగండి. చూస్తామంటే మొదటి పరీక్షకి అది చాలు. బస్తీ దవాఖానాలో ఉండేది జనరల్ డాక్టరు. ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికి, చీటీ రాసివ్వడానికి అది పనికొస్తుంది.

ఎప్పుడు: చుక్కలు వేశాక ఒకటి రెండు రోజులు దగ్గరివి మసకగా కనిపిస్తాయి. పరీక్షల వారంలో పెట్టుకోవద్దు. దసరా, సంక్రాంతి సెలవులు అనుకూలం. వేసవిలో అయితే ఉదయం తొందరగా వెళ్లండి, ఎండ ముదిరేలోపు ఇంటికి రావచ్చు. మూడు నాలుగు గంటలు చేతిలో ఉంచుకోండి. ఇద్దరు పిల్లల్ని ఒకే రోజు తీసుకెళ్తే ఇద్దరికీ సగం సగమే అవుతుంది.

బ్యాగులో

- పాత చీటీలు, పాత అద్దాలు, పగిలినవైనా సరే
- పుట్టినప్పటి డిశ్చార్జ్ కాగితం
- కన్ను మెల్ల పెట్టినప్పుడు తీసిన ఫొటోలు, వీడియో. డాక్టరు ముందు ఆ కన్ను చక్కగా నిలబడిపోతుంది, అప్పుడు ఫోన్‌లో ఉన్నదే సాక్ష్యం.
- మీరు ఇంట్లో రాసుకున్న ఫలితం
- ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు
- టోపీ, నీళ్లు, తినడానికి ఏదైనా, ఇష్టమైన బొమ్మ
- పసిబిడ్డ అయితే పాలు. పాలు తాగుతూ ఉంటే పరీక్ష సగం సులువు.

ఫిట్స్, గుండె జబ్బు, మందుల అలర్జీ ఏమైనా ఉంటే చుక్కలు వేయకముందే చెప్పండి. జ్వరం ఉన్న రోజు వెళ్లకండి, అత్యవసరమైతే తప్ప.

పిల్లలకి అబద్ధం చెప్పొద్దు. "ఏమీ కాదు" అన్నాక చుక్క మండితే, తర్వాత ఎవరు చెప్పినా కన్ను తెరవరు. "కాసేపు మండుతుంది, పది లెక్కపెట్టేలోపు తగ్గిపోతుంది" అనండి, పక్కన కూర్చుని మీరే లెక్కపెట్టండి.

## 7. ఆసుపత్రిలో ఏ వరుసలో ఏం జరుగుతుంది

ముందు చూపు, ఒక్కో కంటికి. తర్వాత కళ్లు కలిసి కదులుతున్నాయా అని ఒక్కో కన్ను మూసి తెరిచి చూస్తారు. ఆ తర్వాత చుక్కలు. ముప్పై నలభై నిమిషాలాగి కంటిలోకి వెలుగు గీత వేసి, ముందు అద్దాలు మార్చి మార్చి పవర్ కొలుస్తారు. దీనికి పిల్ల నోరు విప్పాల్సిన పని లేదు, అందుకే నెలల బిడ్డకి కూడా నంబర్ చెప్పగలుగుతారు. చివర్లో రెటీనా.

చుక్కలు ఎందుకు తప్పనిసరి: పిల్లల కళ్లకి దగ్గరికి ఫోకస్ చేసే శక్తి చాలా ఎక్కువ. మెషిన్‌లోకి చూసేటప్పుడు ఆ కండరం బిగుసుకుంటే లేని మైనస్ (దూరంవి మసకగా కనిపించే పవర్) వస్తుంది, ఉన్న ప్లస్ దాక్కుంటుంది. చుక్కలు ఆ కండరాన్ని కాసేపు నిద్రపుచ్చుతాయి. అద్దాల షాపులో గడ్డం పెట్టించి చూసే కంప్యూటర్ అంకె మీదే పిల్లలకి అద్దాలు చేయించొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇంటి దగ్గర మూడు రోజులు వేసే ఆయింట్‌మెంట్: చిన్న పిల్లలకి, మెల్లకన్ను ఉన్నవాళ్లకి అట్రోపిన్ రాసిస్తారు.

1. చేతులు కడుక్కోండి. పిల్లని పడుకోబెట్టి కింది రెప్ప కొంచెం లాగి బియ్యపు గింజంత వేయండి.
2. ముక్కు పక్కన కంటి మూల మీద ఒక నిమిషం వేలితో మెల్లగా నొక్కి ఉంచండి. మందు గొంతులోకి దిగకుండా ఉంటుంది.
3. బయటికి వచ్చిన మందు తుడిచి, మీ చేతులు మళ్లీ కడుక్కోండి.
4. ట్యూబు పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి. నోట్లోకి వెళ్తే ప్రమాదం.

ముఖం బాగా ఎర్రబడినా, జ్వరం వచ్చినా, పిల్ల కంగారుగా ఉన్నా ఆపేసి డాక్టరుకి ఫోన్ చేయండి. అట్రోపిన్ ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. అన్ని రోజులు కంటిపాప పెద్దగా కనిపిస్తే టెన్షన్ పడాల్సిన పని లేదు.

చుక్కలు వేసిన రోజు తిరిగొచ్చేటప్పుడు టోపీ పెట్టండి, బండి మీద ముందు కూర్చోబెట్టకండి, వీలైతే ఆటో ఎక్కండి. ఆ రోజు హోంవర్క్ అడగొద్దని టీచర్‌కి ఒక మెసేజ్ పెట్టండి.

బయటికి వచ్చే ముందు అడగాల్సినవి

- ఒక్కో కంటి చూపు ఎంత? రెండిటికీ తేడా ఉందా?
- అద్దాలు రోజంతానా, చదివేటప్పుడేనా?
- సోమరి కన్ను ఉందా? ప్యాచ్ (బాగున్న కంటిని మూసే పట్టీ) కావాలా?
- రెటీనా చూశారా?
- మళ్లీ ఎప్పుడు రావాలి?

చీటీలో 6/12 అంటే, మంచి కన్ను 12 మీటర్ల నుంచి చదివేదాన్ని ఈ కన్ను 6 మీటర్లకి వస్తేనే చదువుతోందని. నంబర్ ముందు మైనస్ ఉందా, ప్లస్ ఉందా అన్నది షాపులో పొరపాటుగా మారిపోవడం చూశాను. అద్దాలు వచ్చాక చీటీతో ఒకసారి సరిచూపించుకోండి.

## 8. అద్దాలు, ప్యాచ్

అద్దం పాలీకార్బొనేట్‌ది తీసుకోండి, తేలిగ్గా ఉంటుంది, పగిలి కంట్లో గుచ్చుకునే భయం తక్కువ. కంటిపాప అద్దం మధ్యలోకి రావాలి. పెరిగాక సరిపోతుందని పెద్ద ఫ్రేమ్ కొంటే ముక్కు మీదకి జారుతుంది, పిల్ల పైనుంచి చూడటం నేర్చుకుంటుంది. చిన్నవాళ్లకి వెనక ఎలాస్టిక్ పట్టీ కట్టించండి.

మొదటి వారం చికాకు పడతారు. లేవగానే ముఖం కడిగిన వెంటనే పెట్టడం అలవాటు చేయండి. రెండు వారాలైనా తీసి పారేస్తుంటే తిట్టకండి, నంబరో ఫ్రేమో సరిచూపించండి. అద్దాలు పెడితే నంబర్ పెరుగుతుందన్నది నిజం కాదు. తక్కువ నంబర్ ఇస్తే పెరగదన్నదీ నిజం కాదు.

సోమరి కన్ను ఉంటే చాలామందికి ముందు కొన్ని నెలలు అద్దాలే ఇచ్చి చూస్తారు. ఆ తర్వాత బాగా కనిపించే కంటికి ప్యాచ్. మధ్యస్థంగా ఉంటే సాధారణంగా రోజుకి రెండు గంటలు, ఎక్కువగా ఉంటే ఆరు గంటలు. చర్మానికి అంటించాలి, దాని పైన అద్దాలు పెట్టాలి. అద్దానికి అంటిస్తే పక్కనుంచి చూసేస్తారు. ఏడేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగా వస్తుంది. పెద్దయ్యాక మొదలుపెట్టినా కొంత మెరుగవుతుంది కాబట్టి "ఆలస్యమైపోయింది" అని మీకు మీరే తీర్మానించుకోవద్దు.

బోరబండ పాప వాళ్లమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. సాయంత్రం ప్యాచ్ వేసి, చాటలో కందిపప్పు పోసి రాళ్లు ఏరమనేది. మొదటి వారం పాప వేళ్లతో తడిమి వెతికేది, విసుక్కుని చాట పక్కకి తోసేసేది. మూడో నెలకి వచ్చేసరికి రాయి కనబడగానే "ఇదిగో" అని చూపుడు వేలితో ముందుకి నెట్టి చూపించేది. మీ ఇంట్లో బొమ్మలకి రంగులేయడం కావచ్చు, పూసలు గుచ్చడం కావచ్చు. ప్యాచ్ ఉన్నంతసేపు ఆ కన్ను పని చేస్తూ ఉండాలి. కొంచెం బాగవగానే మీ అంతట మీరు ఆపేయొద్దు, చూపు మళ్లీ వెనక్కి వెళ్లొచ్చు.

## 9. ఎక్కువగా జరిగే తప్పులు, సరిదిద్దుకునే దారి

కళ్లు నలుపుకుంటుంటే మెడికల్ షాపు చుక్కలు. వేసవిలో, దుమ్ములో పిల్లలకి అలర్జీ వస్తుంది. షాపులో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలకి గంటల్లో హాయిగా ఉంటుంది, అందుకే మళ్లీ మళ్లీ కొంటారు. నెలల తరబడి వాడితే కంటి ప్రెజర్ పెరిగి చూపు పోవచ్చు, శుక్లం కూడా రావచ్చు. ఇంట్లో అలాంటి సీసా ఉంటే ఈరోజే డాక్టరుకి చూపించండి. అప్పటిదాకా చల్లని తడి గుడ్డ పెట్టండి. నలుపుకోవడం కూడా మాన్పించాలి, గట్టిగా నలుపుతూ ఉంటే నల్లగుడ్డు పల్చబడి ముందుకి పొడుచుకురావచ్చు.

కాటుక, సుర్మా, చనుపాలు, ఆముదం. కంట్లో ఏవీ వద్దు. కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది. దిష్టి కోసమైతే చుక్క అరికాలికి పెట్టండి.

క్యారెట్ తింటే నంబర్ పోతుందనడం. పోదు. విటమిన్ ఏ లోపిస్తే రేచీకటి వస్తుంది, దానికి మునగాకు, తోటకూర, గుడ్డు, బొప్పాయి మంచివే. తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ల దాకా ఇచ్చే విటమిన్ ఏ డోసులు తొమ్మిదీ పడ్డాయో లేదో టీకాల కార్డులో చూడండి.

ఫోన్ ఒక్కటే దోషి అనుకోవడం. ఫోన్ లాక్కుని ట్యూషన్‌లో కూర్చోబెడితే కంటికి పెద్ద తేడా లేదు. మైనస్ రాకుండా ఎక్కువ కాపాడేది పగటి వెలుగు. రోజుకి రెండు గంటలు బయట గడపనివ్వండి. పుస్తకం కంటికి మోచేయి నుంచి పిడికిలి అంత దూరం ఉండాలి. ఏటా మైనస్ పెరుగుతుంటే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కల గురించి డాక్టరుని అడగండి.

## 10. మళ్లీ ఎప్పుడు

- ప్యాచ్ నడుస్తుంటే: డాక్టరు ఇచ్చిన తేదీకి కచ్చితంగా. మూసి ఉంచే కంటి చూపు తగ్గుతోందేమో కూడా చూడాలి.
- కొత్తగా అద్దాలు పెట్టాక: మూడు నాలుగు నెలలకి ఒకసారి చూపించాలి
- మైనస్ పెరుగుతుంటే: ఆరు నెలలకి
- ఏమీ లేకపోతే: ఏడాదికి

చీటీలన్నీ, మీ నాలుగు కాగితాలతో సహా, ఒకే కవర్లో పెట్టి టీకాల కార్డు పక్కన ఉంచండి. తేదీని గోడ క్యాలెండర్ మీద పిల్ల చేతే గుండ్రం చుట్టించండి. ఆ తేదీ దాటిపోతే కొత్త విద్యా సంవత్సరం దాకా ఆగకుండా, ఆ వారమే ఆసుపత్రికి ఫోన్ చేసి ఇంకో తేదీ తీసుకోండి.